పుట్టుకతో వచ్చేదెంత? బ్రతుకు తెచ్చేదెంత?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో సహాయ దరఖాస్తుల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మేము లెక్కలు చెబుతుంటాం. ఎందరికి స్కాలర్‌షిప్పులు ఇచ్చాం, ఎందరు వితంతు సోదరీమణులకు పింఛను అందింది, రంజాన్ రేషన్ ఎన్ని ఇళ్లకు చేరింది అన్నవి. ఆ లెక్కలన్నీ ఈ సంచికలోనే వేరే పుటల్లో ఉన్నాయి. ఈ ఏడు మాత్రం ఒక పొరపాటు గురించి, ఒక నిర్ణయం గురించి మాట్లాడదలచుకున్నాం. పొరపాటు మాది. నిర్ణయం మనందరం కలిసి తీసుకోవలసింది.

ముందు పొరపాటు చెబుతాం. మన స్కాలర్‌షిప్‌తో ఇంటర్మీడియట్ చదువుతున్న అబ్బాయి ఒకడున్నాడు. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. కొన్నేళ్లు మానసిక జబ్బుతో బాధపడ్డాడు, వైద్యం మధ్యలో ఆపేశాడు, పిల్లవాడికి తొమ్మిదేళ్లప్పుడు చనిపోయాడు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళుతుంది. నిరుడు ఈ అబ్బాయి రెండు సబ్జెక్టులు తప్పాడు. కాలేజీకి సరిగా వెళ్లడం లేదన్నారు. ఇంట్లో ఊరికే కోప్పడుతున్నాడన్నారు, రాత్రుళ్లు నిద్రపోవడం లేదన్నారు. వాళ్ల చాచా మన కార్యాలయానికి వచ్చి, “భాయ్, వీడి మీద డబ్బు పెట్టడం దండగ. తండ్రి బుద్ధే వచ్చింది. ఖూన్ కా అసర్ ఎక్కడికి పోతుంది?” అన్నాడు.

మేము తలలూపాం. అతని స్కాలర్‌షిప్ ఆపి, బాగా చదివే మరో విద్యార్థికి ఇద్దామని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం కూడా. సంతకాలు పెట్టే సమయంలో మాలో పెద్దాయన ఒకరు, “ఆ ఇంటికి ఎవరైనా వెళ్లి చూశారా?” అని అడిగారు. ఎవరూ వెళ్లలేదు.

మరునాడు ఇద్దరం వెళ్లాం. తల్లికి ఆయాసం ఎక్కువై నాలుగు నెలలుగా కూలి లేదు. అద్దె బాకీ పడి ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. మనం ఇచ్చే పింఛను మూడు నెలలుగా ఆమె ఖాతాలో పడలేదు; ఖాతా నంబరులో ఒక అంకె తప్పు రాసుకున్నది మన కార్యాలయమే. అబ్బాయి రాత్రిపూట లారీలకు బస్తాలు ఎత్తి, పగలు క్లాసులో కునుకుతున్నాడు. ఆ కునుకును చూసి మనం “రక్తం” అన్నాం.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని తెలుగులో సామెత. చాచా అన్న ఉర్దూ మాటకూ అర్థం అదే. ఈ మాటలో నిజమెంత? మేము వైద్యులం కాము. కానీ ఆ రోజు సిగ్గుపడి ఇంటికి వచ్చాక, ఈ సంగతి తెలుసుకోవాలని మనోవైద్యులతో కూర్చున్నాం, చదవగలిగినంత చదివాం. మాకు అర్థమైనది మీ ముందు ఉంచుతున్నాం.

మొదటి మాట: సామెతలో నిజం లేకపోలేదు. మనిషి స్వభావంలో పుట్టుకకు వాటా ఉంది. ఒకరు త్వరగా బెంబేలెత్తిపోతారు, ఒకరు నిబ్బరంగా ఉంటారు. ఒకరు నలుగురిలో ఇట్టే కలిసిపోతారు, ఒకరు మూలకు చేరతారు. శాస్త్రజ్ఞులు దీన్ని కవల పిల్లల ద్వారా పరిశీలించారు. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో జన్యువులు దాదాపు అన్నీ ఒకటే. మామూలు కవలల్లో, తోడబుట్టిన వారందరిలాగే, సగం మేరకే పోలిక. ఈ రెండు రకాల జంటలను పోల్చి చూస్తే, మనుషుల స్వభావాల మధ్య కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువులతో ముడిపడి ఉందని తేలింది. తీవ్రమైన దిగులు జబ్బు, అంటే డిప్రెషన్ విషయంలో ఇది 40 శాతానికి కాస్త తక్కువ. స్కిజోఫ్రీనియాలో 80 శాతం దాకా ఉంటుందని అంచనా.

ఈ శాతాలను మనం తప్పుగా చదువుకునే ప్రమాదం ఉంది. 40 శాతం అంటే ఒక మనిషి దిగులులో నలభై పాళ్లు తండ్రి నుంచి, అరవై పాళ్లు వీధి నుంచి వచ్చాయని అర్థం కాదు. మిర్చి రైతులు మనలో చాలామంది ఉన్నారు, వారికి ఇది సులువుగా తెలుస్తుంది. ఒకే చేలో, ఒకే నీటితో, రకరకాల విత్తనాలు వేస్తే కాపులో తేడా అంతా విత్తనానిదే అనిపిస్తుంది. ఒకే సంచిలోని విత్తనాన్ని కొంత నల్లరేగడిలో, కొంత చౌడు నేలలో వేస్తే తేడా అంతా నేలదే అనిపిస్తుంది. విత్తనం మారలేదు, మనం పోల్చిన చేలు మారాయి. శాతం చెప్పేది ఒక గుంపులోని తేడాల గురించి. ఒక్క బిడ్డ నుదుటి రాత దాంట్లో ఉండదు.

స్కిజోఫ్రీనియానే తీసుకోండి. 80 శాతం అన్నాం గదా. అయినా అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఆ జబ్బు వస్తే రెండవ వారికి కూడా వచ్చేది సగం కంటే తక్కువ జంటల్లోనే. తల్లి లేదా తండ్రికి ఆ జబ్బు ఉన్న పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి వస్తుంది. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి ఇది తీసిపారేసే ముప్పు కాదు. కానీ మిగిలిన 90 మంది సంగతి చూడండి. పెళ్లి సంబంధాల దగ్గర “వాళ్లింట్లో ఎవరికైనా పిచ్చి ఉందా?” అని అడిగి మనం తిప్పి పంపేది ఆ 90 మందిని కూడా.

రెండవ మాట: “దిగులు జన్యువు”, “కోపం జన్యువు” అని పత్రికల్లో వస్తుంటుంది. న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పరిశోధకులు పుట్టినప్పటి నుంచి వెంబడించి చూస్తున్నారు. వారిలో 847 మందికి 26 ఏళ్లు వచ్చేసరికి ఉన్న పరిస్థితిని బట్టి 2003లో ఒక వ్యాసం వెలువడింది. మెదడులోని సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువులో పొట్టి రూపం ఉన్నవారు కష్టాలు వచ్చినప్పుడు ఎక్కువగా డిప్రెషన్‌కు లోనయ్యారని అందులో రాశారు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. తరువాత అనేక చోట్ల తిరిగి పరీక్షిస్తే ఆ ఫలితం నిలకడగా రాలేదు. 2019లో లక్షలాది మంది సమాచారంతో, అప్పటిదాకా పేరుబడ్డ 18 జన్యువులను పరిశీలించిన అధ్యయనంలో, ఏ ఒక్కదానికీ డిప్రెషన్‌తో చెప్పుకోదగిన ప్రత్యేక సంబంధం కనబడలేదు.

అంటే జన్యువుల పాత్ర లేదని కాదు. ఒక్క జన్యువు చేతిలో తాళం చెవి లేదని. వందలు, వేలు జన్యు భేదాలు ఒక్కొక్కటీ రవ్వంత చొప్పున కలిసి, భారం మోసే శక్తిలో మనిషికీ మనిషికీ తేడా తెస్తాయి. కనుక రక్తపరీక్ష చేసి మీ బిడ్డ స్వభావం, భవిష్యత్తు చెబుతామనే వారికి డబ్బు పోయకండి.

మూడవ మాట బ్రతుకు తెచ్చే భారం గురించి. లండన్ దక్షిణ భాగంలోని కాంబర్‌వెల్ ప్రాంతంలో 458 మంది స్త్రీలను ఇంటింటికీ వెళ్లి కలిసి, జార్జ్ బ్రౌన్, టిరిల్ హ్యారిస్ అనే పరిశోధకులు 1978లో ఒక పుస్తకం వెలువరించారు. డిప్రెషన్‌కు ముందు చాలామంది జీవితంలో పెద్ద దెబ్బ ఒకటి తగిలి ఉంది: ఆప్తుల మరణం, ఎడబాటు, ఇల్లు పోవడం వంటిది. కానీ దెబ్బ తిన్న వారందరూ కుంగిపోలేదు. ఎవరు ఎక్కువగా కుంగారు? మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరి మనిషి లేనివారు. ఇంట్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ముగ్గురు, అంతకు మించి ఉన్నవారు. బయట పని లేనివారు. పదకొండేళ్ల లోపు తల్లిని పోగొట్టుకున్నవారు. మేము ఈ జాబితా చదివి మన పింఛను దరఖాస్తుల ఫైలు తెరిచాం. ఆ ఫైలులో ఉన్నవారు దాదాపు వీరే.

అదే పరిశోధక బృందం 1999లో మరొక ఫలితం ప్రకటించింది. దీర్ఘకాలంగా డిప్రెషన్‌లో ఉన్న లండన్ స్త్రీల వద్దకు స్వచ్ఛంద సేవికలు క్రమం తప్పకుండా వెళ్లి, స్నేహంగా కూర్చుని, చెప్పింది విన్నారు. అలాంటి తోడు దొరికిన వారిలో ఎక్కువమంది కోలుకున్నారు. మందు, వైద్యం అక్కర్లేదని దీని అర్థం కాదు. వినే మనిషి కూడా వైద్యంలో భాగమని అర్థం.

నాలుగవ మాట అన్నిటికంటే ముఖ్యమైనది. పుట్టుక, బ్రతుకు ఈ రెండూ కలిసినప్పుడు ఏమవుతుంది? ఫిన్లాండ్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న తల్లులకు పుట్టి, పసితనంలోనే వేరే ఇళ్లకు పెంపకానికి వెళ్లిన పిల్లలను చాలా ఏళ్లు గమనించారు. తగవులు, అయోమయం ఉన్న ఇళ్లలో పెరిగిన వారిలో ఆ కోవ జబ్బులు ఎక్కువగా వచ్చాయి. నెమ్మదిగా, సఖ్యంగా ఉన్న ఇళ్లలో పెరిగిన వారిలో ముప్పు బాగా తగ్గింది. పుట్టుకతో ముప్పు లేని పిల్లలకు ఇంటి వాతావరణం వల్ల వచ్చిన తేడా అంతగా లేదు. అంటే, పుట్టుకతో భారం ఉన్న బిడ్డకే మంచి ఇల్లు ఎక్కువ అవసరం. “వీడికి తండ్రి రక్తం ఉంది, దండగ” అన్న మాటను ఇక్కడ తిరగేసి చదవాలి. తండ్రికి జబ్బు ఉంది కాబట్టే ఆ అబ్బాయి మీద మన డబ్బు ముందుగా పెట్టాలి.

డబ్బు స్వభావాన్ని మారుస్తుందా అని మీరు అడగవచ్చు. అమెరికాలోని నార్త్ కరోలినా కొండ ప్రాంతంలో 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏటేటా పరిశీలిస్తుండగా, అక్కడి చెరోకీ తెగవారి భూమిలో కాసినో తెరిచారు. వచ్చిన లాభంలో తెగలోని ప్రతి కుటుంబానికీ వాటా పంచారు. జూదపు సొమ్ము మనకు నిషిద్ధం. ఆ సొమ్ము మంచిదని మేము చెప్పడం లేదు. మనం చూడవలసింది పేదరికం తొలగినప్పుడు పిల్లల్లో ఏం జరిగిందన్నది. పేదరికం నుంచి బయటపడిన ఇళ్లలో పిల్లల మొండితనం, దుడుకు చేష్టలు తగ్గి, ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి వచ్చాయి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడం దీనికి ముఖ్య కారణమని తేలింది. దిగులు, ఆందోళన మాత్రం ఆ తొలి లెక్కల్లో తగ్గలేదు. తరువాత 2018లో వచ్చిన పరిశోధన, ఆ పిల్లల్లో పని పట్ల శ్రద్ధ, ఇతరులతో సర్దుకుపోయే గుణం పెరిగాయని చూపింది. పుట్టుకతో వచ్చిందనుకున్న బుద్ధి క్రమం తప్పకుండా వచ్చే నికరమైన ఆదాయంతో కొంత మారింది.

ఇక నిర్ణయం. మన యతీమ్ పిల్లల హాస్టల్ మీద మరో అంతస్తు వేయడానికి ఒక దాత ముందుకు వచ్చారు. వారి మనసు గొప్పది, అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక. వారి అనుమతితోనే ఈ మాట చెబుతున్నాం. యతీమ్ అంటే తండ్రిని కోల్పోయిన బిడ్డ. అంటే చాలాసార్లు తల్లి బ్రతికి ఉన్న బిడ్డ. మన హాస్టల్‌లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లులున్నారు. అద్దె కట్టలేక, అన్నం పెట్టలేక మన దగ్గర వదిలి, కన్నీళ్లు తుడుచుకుంటూ వెళ్లినవారు వాళ్లు.

రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో 2000 సంవత్సరం తరువాత అనాథ శరణాలయాల్లోని 136 మంది పసిపిల్లలను తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు, సగం మంది సంస్థల సంరక్షణలోనే ఉండిపోయారు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివి, అనుబంధాలు మెరుగుపడ్డాయి. దిగులు, ఆందోళన జబ్బులు తగ్గాయి. రెండేళ్ల లోపే ఇల్లు దొరికిన వారికి అనుబంధాల విషయంలో మేలు మరీ ఎక్కువ. అక్కడి శరణాలయాల దుస్థితికీ మన హాస్టల్‌కూ పోలిక లేదు. మన వార్డెన్, వంటమనిషి పిల్లలను ప్రేమగా చూస్తారు. అయినా ముప్పై మంది పిల్లలకు ఇద్దరు పెద్దలు ఇవ్వగలిగే దానికి ఒక హద్దు ఉంది. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకే తల్లిని కోల్పోయారు. తాతగారి ఇంట్లో, ఆ తరువాత తండ్రి సోదరుని ఇంట్లో, అయినవాళ్ల నీడలో పెరిగారు. ఇది మనందరికీ తెలిసిన సంగతే.

కనుక మా ప్రతిపాదన ఇది. కొత్త అంతస్తుకు అనుకున్న నిధిని తల్లుల ఇళ్లకు నెలనెలా చేరే సాయంగా మార్చుదాం. అద్దె, బియ్యం, పిల్లల ఫీజు. నెల మొదటి వారంలోనే, ఒక్క నెల కూడా తప్పకుండా అందాలి. రేపు డబ్బు వస్తుందో రాదో తెలియకపోవడం కూడా మనసును కుంగదీసే భారమే. హాస్టల్‌ను నిజంగా ఎవరూ లేని పిల్లల కోసం, దూరం నుంచి చదువుకోవడానికి వచ్చేవారి కోసం ఉంచుదాం. గోడ మీద దాత పేరు చెక్కడానికి ఇందులో రాయి ఉండదు. ఆ సంగతి ఆ దాతతోనే చెప్పాం. “పేరు రాసేవాడు పైన ఉన్నాడు” అని నవ్వారు.

మిగిలిన విన్నపాలు చిన్నవి. సోదరీమణుల విభాగం నుంచి ఇద్దరిద్దరు వారానికి ఒక గంట పింఛనుదారుల ఇళ్లకు వెళ్లి కూర్చోవాలి. విచారణ కోసం కాదు, మాట్లాడటానికి. స్కాలర్‌షిప్ ఆపే ముందు కమిటీ తప్పనిసరిగా ఇల్లు చూడాలి. ఈ నియమం మా మీద మేమే పెట్టుకున్నాం.

మానసిక వైద్యానికి దారి ఖర్చులు, మందుల ఖర్చులు ఇకపై మన వైద్య సాయంలో చేరుతాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది, వారిలో అత్యధికులకు వైద్యం అందడం లేదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ద్వారా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. రంజాన్‌లో మందులు తమంతట తాము ఆపవద్దని ఇంట్లో చెప్పండి. ముఖ్యంగా లిథియం వాడేవారు ఉపవాసానికి ముందే డాక్టరును అడగాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు విషంగా మారవచ్చు.

దువా చేయించండి, దానితో పాటు వైద్యం కూడా చేయించండి. ఒంటెను కట్టేసి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్న బోధ మనదే. పదవ శతాబ్దంలో కన్నుమూసిన అబూ జైద్ అల్-బల్ఖీ, శరీరానికీ మనసుకూ కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశారు. దుఃఖం రెండు రకాలన్నారు: నష్టం వంటి తెలిసిన కారణం వల్ల వచ్చేది ఒకటి, కారణం కనబడకుండా శరీరం లోపలి నుంచి వచ్చేది మరొకటి. వెయ్యేళ్ల క్రితమే ఒక ముస్లిం పండితుడు ఇంత స్పష్టంగా చెప్పగా, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఆశ్రయాల్లో ఒకదానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చినవాళ్లలో చాలామంది బాగవుతారన్న ఆశతో తెచ్చిన అయినవాళ్లే. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మన ఇళ్లలో గొలుసు లేకపోయినా, “రక్తం” అన్న మాటతో ఒక బిడ్డను కట్టేస్తుంటాం.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాం. మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానాన్ని కొట్టివేశాం. పింఛను బకాయి ఇచ్చాం, అద్దె కట్టాం, తల్లికి ఆయాసానికి వైద్యం మొదలైంది. మనోవైద్యుడు అబ్బాయిని చూసి, ప్రస్తుతానికి జబ్బేమీ లేదు, నిద్ర కావాలి, ఏటా ఒకసారి చూపించండి అన్నారు. తండ్రికి వచ్చిన జబ్బు ఇతనికి ఎన్నటికీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మేమూ ఇవ్వడం లేదు. ఒకవేళ వస్తే ఈసారి వైద్యం మధ్యలో ఆగదని మాత్రం హామీ ఇవ్వగలం. తప్పిన రెండు సబ్జెక్టుల్లో ఒకటి పాసయ్యాడు. రెండవది ఇన్షా అల్లాహ్ వచ్చే పరీక్షల్లో రాస్తాడు.

మొన్న కార్యాలయానికి వాళ్ల చాచా మళ్లీ వచ్చాడు. ఏదో ఫారం నింపించుకోవడానికి. వెళుతూ వెళుతూ, “వాడు నవ్వితే అచ్చం మా అన్నలాగే ఉంటాడు భాయ్” అన్నాడు. పుట్టుకతో అదీ వస్తుంది.

ప్రతిపాదన మీ ముందుంది. మీ సమ్మతి కోరుతున్నాం. అల్లాహ్ మన చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక, ఆమీన్.